బాచుపల్లి నుంచి గోపన్‌పల్లికి ఒక సైకిల్ సీటు కోసం

మూడు రోజులు సెలవు దొరికితే మా వార్డు సిస్టర్లు అరకు వెళ్తారు, కాదంటే వేళాంగణి వెళ్తారు. నేను గోపన్‌పల్లి వెళ్ళాను. నవ్వకండి. బాచుపల్లిలో మా అపార్ట్‌మెంటు నుంచి అది పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆఫీసు బస్సులు రోజూ పోయి వచ్చే దారే. కానీ ఆ దారిలో సైకిల్ సీటు మీద కూర్చుని, ఆ సీటు గురించే ఆలోచిస్తూ మూడు రోజులు వెళ్ళినవాళ్ళు ఎవరూ ఉండరు. వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

నా పేరు కరుణ. మాది తణుకు దగ్గర పల్లెటూరు. గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జి నర్సుని. వయసు నలభై మూడు. రెండేళ్ళ క్రితం ఉద్యోగం మారి వెళ్ళిపోతూ ఒక డాక్టరమ్మ తన రోడ్ బైక్ నాకు అమ్మింది. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగిన హ్యాండిలు. మా ఊళ్ళో సైకిలంటే స్ప్రింగుల సీటు మీద నిటారుగా కూర్చుని, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ పలకరిస్తూ తొక్కేది. మా నాన్న చర్చికి అలాగే వచ్చేవాడు, క్యారియర్ మీద బైబిలు పెట్టుకుని. ఇది అలా కాదు. వంగి, తల దించి, మోచేతులు మడిచి తొక్కాలి. అలా తొక్కుతున్నంతసేపూ నన్ను సిస్టర్ అని పిలిచేవాళ్ళు లేరు, అమ్మా అని పిలిచేవాళ్ళు లేరు. పొద్దున్నే దొరికే ఆ గంటంటే నాకు ప్రాణం.

చిక్కల్లా నలభై నిమిషాల దగ్గరే. నాలుగు నెలల క్రితం వేగం పెంచినప్పటి నుంచీ ఇదే వరస. వంగి గట్టిగా తొక్కితే, సరిగ్గా నలభయ్యో నిమిషానికి సీటు తగిలే చోట మంట మొదలవుతుంది. తర్వాత తిమ్మిరి. ఆ తర్వాత అసలు ఏమీ తెలియని మొద్దుతనం. ఆ చోటు పేరు ఎవరికి చెప్పను? మా ఆయన ప్రసాద్‌తో 'నడుము నొప్పి' అన్నాను. ఆయన వెంటనే నడుముకి బెల్టు కొనుక్కొచ్చారు. ఆదివారాలు కలిసి తొక్కే ఆడవాళ్ళతోనూ నడుమే అన్నాను. ఒకావిడ నూనె ఇచ్చింది, ఇంకొకావిడ ఆసనాలు నేర్పింది. బెల్టూ, నూనే, ఆసనాలూ నా నడుముకి చక్కగా పనిచేశాయి. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

చివరికి విసుగొచ్చి సైకిల్ అమ్మకానికి పెట్టాను. గోపన్‌పల్లి నుంచి శ్రావణి అనే అమ్మాయి ఫోన్ చేసింది. "శనివారం మీ ఇంటికే తెస్తానమ్మా. అప్పటికి నా మనసు మారకపోతే నీదే" అన్నాను. గురువారం నుంచి సెలవు పెట్టాను. శనివారం లోపల ఈ దారిలో నాకు పనికొచ్చే సీటు దొరికితే సైకిల్ నాది, దొరక్కపోతే శ్రావణిది. రెండు రాత్రులూ కొండాపూర్‌లో నా నర్సింగ్ క్లాస్‌మేట్ విమల ఇంట్లో ఉందామని ఏర్పాటు చేసుకున్నాను.

గురువారం: మియాపూర్ సోఫా

బయల్దేరగానే ఇడ్లీ బండి. ప్లేటు నలభై రూపాయలు. పల్లీ చట్నీ గరిటెలకొద్దీ పోశాడు గానీ, అల్లం పచ్చడి అడిగితే నన్ను వింతగా చూశాడు. మా వైపు అల్లం పచ్చడి లేకుండా ఇడ్లీ పెడితే బండి మూసుకోవాల్సిందే. అలా అని పల్లీ చట్నీని నేను తక్కువ చేయను, రెండోసారి పోయించుకున్నాను.

మియాపూర్‌లో మొదటి షాపు యాదగిరి గారిది. అరవై దాటిన మనిషి, చెవి వెనక పెన్సిలు. పిల్లల సైకిళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని వచ్చి నా సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఏమైంది మేడం, సీటు గుచ్చుతున్నదా?"

"నడుము నొప్పండి" అన్నాను. అలవాటైన అబద్ధం కదా, తడుముకోకుండా వచ్చేస్తుంది.

"గిది సీటు గాదు, రాయి. గిట్ల గట్టిగుంటే నడుం పోకుంటే ఏం పోతది? జెల్ కవర్ ఏస్త. సోఫా లెక్కుంటది. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి."

కవరు మీద బొటనవేలు నొక్కి చూశాను. గోరు మునిగేదాకా దిగింది. మెత్తన ఎవరికి చేదు? ఐదు వందల యాభై అంటే ఐదు వందలకి అడిగాను, ఇచ్చేశారు. అంత తేలిగ్గా ఇచ్చారంటే నాలుగు వందలకే అడగాల్సిందని మా అమ్మ అయితే అనేది.

మొదటి పది నిమిషాలు నిజంగా సోఫానే. నవ్వుకుంటూ తొక్కాను. తర్వాత హ్యాండిలు కింది కొమ్ములు పట్టుకుని, వంగి వేగం పెంచాను. ఇక్కడే నాకు ఆశ్చర్యం. నలభై నిమిషాలకి రావాల్సిన తిమ్మిరి పాతిక నిమిషాలకే వచ్చింది. సీటు మెత్తనైతే నొప్పి ఆలస్యంగా రావాలి కదా? ఇది ఎందుకు ముందే వచ్చిందో అంతుపట్టలేదు. ఆలోచిస్తూ సిగ్నల్ దగ్గర ఆగబోయాను. కవరు తాడు వదులై పక్కకి జారింది, దానితోపాటు నేనూ జారాను. పక్కన బైక్ టాక్సీ అబ్బాయి అరిచాడు: "మేడం, మీ సీటు దిగిపోతున్నది, పట్టుకోండి!" సిగ్నల్ దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, కాకపోతే కాస్త ఆలస్యంగా.

హఫీజ్‌పేట: సీటు చెప్పిన మాట

కవరు కుట్టించుకుందామని హఫీజ్‌పేట ఫ్లైఓవర్ కింద ఆగాను. మోటారు సైకిళ్ళ సీట్లకు కవర్లు కుట్టే సలీం భాయ్ అక్కడ ఇనప స్టూలు మీద కూర్చుని పని చేసుకుంటున్నారు. చుట్టూ విప్పేసిన సీట్లు, స్పాంజి ముక్కలు. నా జెల్ కవరు తాడు విప్పి పక్కన పెట్టి, కింద ఉన్న అసలు సీటును వెలుగులోకి తిప్పి చూశారు.

"ఏడ నొప్పి మేడం?"

"నడుములో."

"నడుమైతే సీటు కాడికెందుకొచ్చిన్రు? దవాఖానకు పోవాలె గద."

"నేను దవాఖానలోనే పని చేస్తానండి."

"ఇగ పరేషానేంది మరి!" అని నవ్వి, సీటు మీద వేలు పెట్టారు. "ఇగో, వెనక జూడుండ్రి. కొత్త లెక్కున్నది. ముంగట జూడుండ్రి. పైన తోలు అరిగింది, దారం బోయింది. మనిషి ఏడ కూసుంటడో సీటు రాసి పెట్టుకుంటది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ట్రాక్ ప్యాంటు సర్దుకున్నాను. ఆయన నా ముఖం వైపు చూడనే లేదు. సీటు వైపే చూస్తూ మాట్లాడారు.

"బైక్ టాక్సీ పిల్లలు రోజు వస్తరు. అందరు కమర్ నొప్పి, నడుం నొప్పే అంటరు. నేనేం అన. సీటు జూస్త, అరిగిన కాడ బాగు జేస్త."

ఆ మర్యాద నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మనిషిని ఒక్క ప్రశ్న అడక్కుండా, సిగ్గు పడనివ్వకుండా, నొప్పి ఎక్కడో చెప్పేశారు. అప్పుడిక సీటు గురించి అయితే ఎంతైనా అడగవచ్చు కదా అని ధైర్యం వచ్చింది. మెత్తటి కవరు వేస్తే సీటుకి నొప్పి ఎందుకు ఎక్కువైందని అడిగాను.

ఆయన నా జెల్ కవరు ఒళ్ళో పెట్టుకుని రెండు బొటనవేళ్ళూ ఎడంగా పెట్టి గట్టిగా నొక్కారు. "రెండు దిక్కుల మునిగినయా? ఇగ నడిమిట్ల ఏమైంది జూడుండ్రి."

రెండు వేళ్ళ మధ్యా జెల్ గట్టులా పైకి లేచింది.

"నిటారుగ కూసొని నిమ్మళంగ పోయేటోళ్ళకు మెత్తంది మంచిదే. వంగి ఉరికిచ్చేటోళ్ళకు గాదు. వంగితే బరువు ముంగటికి వస్తది. ముంగట మెత్తగుంటే ఇగ గిట్లనే పైకి పొడుస్తది."

అక్కడే నిలబడి చాలాసేపు ఆ కవరును నొక్కి చూశాను. మంచం పట్టిన రోగికి పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం నా వృత్తి. బరువు ఎక్కడ పడితే అక్కడ రక్తం ఆడదని కొత్త సిస్టర్లకు పాఠం చెప్పేది నేనే. సైకిల్ ఎక్కేసరికి ఆ పాఠం ఇంట్లో వదిలేసి వచ్చాను. కూర్చోవడానికి దేవుడు రెండు ఎముకలిచ్చాడు. బరువు వాటి మీద పడాలి, మధ్యలో ఉన్న మెత్తటి భాగం మీద కాదు. సీటు గట్టిగా ఉంటే ఎముకలు మోస్తాయి. మెత్తగా ఉంటే ఎముకలు మునిగిపోయి, మధ్య భాగం నలుగుతుంది. నా పాత సీటు గట్టిదే, కానీ దాని ముక్కు పొడుగు, మధ్యలో ఖాళీ లేదు.

"కవరు గట్టిగ కుట్టమంటరా?" అని అడిగారు.

"వద్దండి, మీరే ఉంచుకోండి."

ఆయన మొహమాటపడి, తర్వాత దాన్ని తన ఇనప స్టూలుకి కట్టుకుని కూర్చున్నారు. "అచ్ఛా ఉన్నది, సోఫా లెక్క" అన్నారు.

కొండాపూర్: అట్టపెట్టె పరీక్ష

రాత్రి భోజనానికి విమల నన్ను జొన్నరొట్టెల బండి దగ్గరికి తీసుకెళ్ళింది. రొట్టె పాతిక రూపాయలు. మెడలో కార్డులు వేసుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు వరుసలో నిలబడి, తట్టే ఆవిడ చేతుల్నే చూస్తున్నారు. మా గోదావరి వైపు జొన్న తినేవాళ్ళంటే ఒకప్పుడు చిన్నచూపు. ఇక్కడ దాని కోసం క్యూ కడతారు. పచ్చిమిరప కారంతో రెండు తిని, మూడోది చెప్పి, అప్పుడు విమలకి నిజం చెప్పాను. నడుము కాదు, ఫలానా చోట అని.

విమలది కరీంనగర్. దానికి గుసగుసలు రావు.

"నాలుగు నెలల సంది నడుమనుకుంట నాకు ఫోన్లల్ల కథలు జెప్తివి గదనే! వార్డుల పేషెంట్లు నడుమంటే ఒప్పుకోవు. యాడ నొప్పో వేలితోటి చూపియ్యమని సతాయిస్తవ్. నీదాకొచ్చేసరికి ఏమైందే?"

నిజంగానే అది నా పద్ధతి. మన ఆడవాళ్ళకు ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా దాని పేరు నడుమే. వేలు పెట్టి చూపించేదాకా నేను మంచం పక్కనుంచి కదలను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేను అందరినీ అడిగి నూనే బెల్టూ తెచ్చుకున్నాను గానీ కావలసింది మాత్రం అడగలేదు.

ఇంటికొచ్చాక విమల పార్సిల్ వచ్చిన అట్టపెట్టె చింపి మెట్టు మీద పరిచింది. సీటు కొలత తీసే పద్ధతి అదేనని ఇద్దరం ఫోన్లో చూశాం. అట్ట మీద నిటారుగా ఒక నిమిషం కూర్చుని లేచి, సుద్దముక్క అడ్డంగా రుద్దితే రెండు గుంటలు తేలాయి. వాటి మధ్య స్కేలు పెడితే పదమూడు సెంటీమీటర్లు. ఇంకో ముక్క మీద హ్యాండిలు పట్టుకున్నట్టు బాగా వంగి కూర్చున్నాను. ఈసారి గుంటలు ముందుకు జరిగాయి, దగ్గరయ్యాయి. పన్నెండు కూడా లేవు. ఒకే మనిషికి వంగితే ఒక కొలత, నిటారుగా కూర్చుంటే ఒక కొలత! నలభై మూడేళ్ళుగా మోసుకు తిరుగుతున్న ఎముకలు, ఆ రాత్రే పరిచయమయ్యాయి.

శుక్రవారం: గచ్చిబౌలి

గచ్చిబౌలిలో రెండో అంతస్తులో ఉంది కార్తీక్ షాపు. పదేళ్ళు సాఫ్ట్‌వేర్ చేసి మానేసి, మనిషికి తగ్గట్టు సైకిల్ సరిచేసే పని పెట్టుకున్నాడు. గోడకి నలభై సీట్లు వేలాడుతున్నాయి. ఒక్కటీ ఒక్కదానిలా లేదు. నేను నోరు తెరుచుకుని ప్రతిదాన్నీ వేలితో నొక్కుకుంటూ పోయాను.

"మేడమ్, పెయిన్ ఎక్కడ? లోయర్ బ్యాకా?" అన్నాడు ఫారం తీసి. అప్పటికే పెన్ను ఆ గడి దగ్గర పెట్టేశాడు.

నా నోట్లోకి నడుము వచ్చేసింది. మింగేశాను. వార్డులో రౌండ్స్ అప్పుడు డాక్టరుకి చెప్పే గొంతు తెచ్చుకున్నాను.

"బ్యాక్ కాదు బాబూ. కాళ్ళ మధ్య, ముందు వైపు. మూత్రం వచ్చే చోటుకి పక్కన. వంగి తొక్కితే నలభై నిమిషాలకి మంట, తర్వాత మొద్దుబారిపోతుంది. ఎముకల మధ్య దూరం నిటారుగా పదమూడు, వంగితే పన్నెండు లోపు."

అట్టముక్కలు రెండూ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. అతని చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను మూసేసి, అట్టముక్కలు దగ్గరికి లాక్కున్నాడు.

"థ్యాంక్యూ మేడమ్. జోక్ కాదు, నిజంగా. అందరూ బ్యాక్ పెయిన్ అనే చెప్తారు. నేను హ్యాండిల్ పైకి లేపి పంపిస్తా. వాళ్ళ స్పీడ్ పోతుంది, పెయిన్ పోదు. నెలలో సైకిల్ అమ్మేస్తారు."

నేను రేపు పదకొండింటికి అమ్మబోతున్నానని చెప్పాను. అతను కుర్చీలోంచి లేచాడు.

మూడు సీట్లు మార్చాడు. స్టాండుకి బిగించిన సైకిల్ మీద వంగి తొక్కుతుంటే పక్కనుంచి చూశాడు. మొదటిది ఆడవాళ్ళ సీటని పేరు, వెనక బాగా వెడల్పు, తొడలు రాసుకున్నాయి. రెండోదానికి మధ్యలో సన్నటి గాడి ఉంది గానీ ముక్కు పొడుగు. వంగగానే పాత కథే. మూడోది చూసి నాకు జాలేసింది. ముక్కు ఎవరో కోసేసినట్టు పొట్టిగా ఉంది, మధ్యలో ఇటు నుంచి అటు కనిపించే చిల్లు. వేలితో నొక్కితే మునగనంటోంది.

"ఇదా బాబూ? పీటలా ఉంది."

"పీటే మేడమ్. వంగి తొక్కేవాళ్ళకి పీటే కావాలి. మీరు ముందుకి జరిగినా అక్కడ ఒత్తడానికి ముక్కు లేదు."

నా పాత సీటు ముక్కు కాస్త పైకి లేచి ఉందట. కొత్తదాన్ని మట్టం చూసి, ముందు వైపు ఒక్క పిసరు దించాడు. ఎత్తు కూడా కొద్దిగా తగ్గించాడు. ఎత్తు ఎక్కువైతే పెడల్ అందుకోడానికి నడుము అటూ ఇటూ ఊగి రాపిడి పెరుగుతుందట. చివరికి నడుము పేరు కూడా వచ్చింది, కాకపోతే దాని సొంత పని మీద. ధర నాలుగు వేల రెండు వందలు. "రేపు తొక్కి చూడండి. సరిపడకపోతే తెచ్చిచ్చేయండి" అన్నాడు.

స్టాండు మీద పది నిమిషాలు ఎవరైనా తొక్కుతారు. నాకు నమ్మకం కుదరలేదు.

శనివారం: నలభయ్యో నిమిషం

వెలుతురు రాగానే కొండాపూర్‌లో బయల్దేరాను. శనివారం ఆఫీసు బస్సులు తక్కువ. గచ్చిబౌలి దాటాక అద్దాల మేడల మధ్య వెడల్పు రోడ్లు ఖాళీగా ఉన్నాయి. గోపన్‌పల్లికి తిన్నగా పోతే అరగంటలో అయిపోతుంది, పరీక్ష జరగదు. అందుకని ఆ రోడ్ల మీదే చుట్లు తిరిగాను. కింది కొమ్ములు పట్టుకుని, గడ్డం హ్యాండిలుకి దించి, ఊపిరి ఎగబీల్చేంత గట్టిగా తొక్కాను.

ముప్పయ్యో నిమిషం. ఏమీ లేదు. ముప్పై ఐదు. సెక్యూరిటీ ఆయన ఒకరు మూడోసారి నన్ను చూసి సెల్యూట్ కొట్టారు. ముప్పై ఎనిమిది. రోడ్డు వైపు కాకుండా నా ఒంటి వైపే వింటున్నాను, జ్వరం వస్తుందేమోనని పిల్లల నుదురు తాకి చూసినట్టు. నలభై. ఇప్పుడు వస్తుంది, ఇదిగో వచ్చేసింది అనుకున్నాను. నలభై ఐదు. యాభై.

నొప్పి లేదని అనను. వెనక రెండు ఎముకల దగ్గర ఉంది. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ప్రసంగాలూ అయ్యేదాకా చెక్కబల్ల మీద కూర్చుంటే వచ్చే నొప్పి, చిన్నప్పటి నుంచీ తెలిసిన నొప్పి. అది లేస్తే పోతుంది. మంట లేదు, తిమ్మిరి లేదు. గంటా ఐదు నిమిషాలకి సైకిల్ ఆపి, ఒక ఆఫీసు ప్రహరీకి ఆనుకుని నిలబడ్డాను. ఏడుపొచ్చింది. నాలుగు నెలలు నేను ముసలిదాన్నైపోయాననుకున్నాను. తీరా చూస్తే తప్పు సీటుది, నోరు విప్పని నాది. వయసుది కాదు.

గోపన్‌పల్లి

ఇక శ్రావణికి చెప్పాలి. అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిన పాత వీధిలో వాళ్ళ ఇల్లు. ఆ ఊరి వాళ్ళే. ఇంటి వెనక చేను ఉన్నచోట ఇప్పుడు పధ్నాలుగు అంతస్తులు లేచాయని వాళ్ళమ్మ గుమ్మంలోనే చెప్పింది. నన్ను కూర్చోబెట్టి సర్వపిండి పెట్టింది, గిన్నెలో అద్ది కాల్చిన బియ్యప్పిండి రొట్టె, పంటికింద పల్లీలు, శనగపప్పు. మా వైపు తపేలా రొట్టె మెత్తగా ఉంటుంది, ఇది కరకరలాడుతుంది. తినడం నాకు చేతనైంది గానీ మాట చెప్పడం చేతకాలేదు.

ఎందుకంటే శ్రావణి అప్పటికే నీలం రంగు హెల్మెట్టు కొని ఉంచుకుంది. నా సైకిల్ రంగు నీలం.

"శ్రావణీ, నన్ను తిట్టుకోకమ్మా. సైకిల్ ఇవ్వలేను. మనసు మారింది" అన్నాను.

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. హెల్మెట్టు పట్టీ వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది.

"అయ్యో, మీరు ముందుగాలనే చెప్పిన్రు లెండి అక్కా. గని నాకు శాన ఆశుండె. నా సైకిల్ పడ్తలేదు. సీటు మంచి మెత్తగనే ఉన్నది, మల్ల పైకెల్లి జెల్ కవర్ గూడ ఏయించిన. అయినా వంగి జర ఫాస్ట్‌గ తొక్కితే చాలు, నడుం నొప్పి లేస్తది. అందుకే మీదైతే మంచిగుంటదని..."

నా చేతిలో సర్వపిండి ముక్క ఆగిపోయింది.

"నడుమేనా?" అన్నాను. "వేలితో చూపించు."

శ్రావణి చెయ్యి నడుము దాకా వెళ్ళి ఆగింది. వంటింట్లో వాళ్ళమ్మ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి, కాదన్నట్టు మెల్లగా తల ఊపింది.

"ఇంట్లో అట్టపెట్టె ఉందా?" అన్నాను.